బాపు ఫొటో లేని గోడ

ఆదివారం, ఆర్మూర్

పొద్దున కువైట్ నుంచి ఇల్లు చేరాను. ఒళ్లు హూనమైంది, అయినా నిద్ర పట్టడం లేదు.

మొన్న మా ఆయన నన్ను అక్కడి యుద్ధం మ్యూజియానికి తీసుకెళ్లాడు. మ్యూజియం అంటే ఒక ఇల్లే. ఆ ఇంట్లోనే ఇరాక్ సైన్యంతో కొట్లాట జరిగిందట. గోడల నిండా తూటాల తూట్లు, బయట తుప్పు పట్టిన ట్యాంకు. అక్కడ పోరాడి చనిపోయినవాళ్ల ఫొటోలు గోడకు వరసగా పెట్టారు.

నేను ఒళ్లోపిల్లగా ఉన్నప్పుడు, ఆ యుద్ధంలోనే, అక్కడ లారీ నడిపే మా బాపు కనబడకుండా పోయాడు. శవం కూడా దొరకలేదు. అందుకే అమ్మ ఇప్పటికీ పుస్తెలతాడు తీయలేదు.

"కువైట్ మట్టన్న జరంత తే బిడ్డా, పోచంపాడ్ల గోదాట్ల కలుపుదాం. ఇంకెన్నేండ్లు ఎదురుచూస్తం?" అన్నాడు చిన్నాయన, నేను బయల్దేరేటప్పుడు. ఆ మ్యూజియం వాకిట్లోని ఇసుక గుప్పెడు రుమాల్లో మూటగట్టాను.

సాయంత్రం అమ్మ పుస్తెలతాడుకు ఈ ఏటి కొత్త పసుపు రాసుకుంటూ అడిగింది.

"గాడ సచ్చిపోయినోళ్ల ఫొటోలు పెట్టిండ్రంట గద. మీ బాపుది ఉన్నదా?"

"లేదమ్మా."

"మంచిగ చూసినవా?"

"చూసిన. లేదు."

"గట్లయితే బతికే ఉన్నడు," అని ఇంకొంచెం పసుపు తీసుకుంది.

మూట సూట్‌కేసులోనే ఉంది. రేపు చిన్నాయన వస్తాడు, ఏం చెప్పాలో...

పొట్టకూటికి పోయినవాళ్ల ఫొటో ఆ గోడ మీద ఒక్కటీ లేదని అమ్మకు చెప్పలేకపోయాను.