గిన్నికోళ్ల ఇంటి ప్రతిష్ఠ

ఓర్వకల్లు

దీవెనా, నేను క్షేమమే. ఫోన్‌లో చెబితే నా మనవరాలు మహిమ వింటుంది. దానికి తెలుగు చదవడం రాదు గనుక కార్డు రాస్తున్నాను.

గిన్నికోడి పిల్లలకు ఖర్చు లేకుండా గూడు కట్టించాను. కింద నాపరాళ్లు, చుట్టూ సన్న జాలీ. ముంగిస కూడా దూరలేదు. నిన్న సాయంత్రం అయ్యగారు ప్రతిష్ఠ ప్రార్థన చేశారు. అందరం కళ్లు మూసుకున్నాం గానీ గూటి తలుపు మూయలేదు. ఎప్పుడూ గోల చేసే పిల్లలు ఒక్కసారిగా నోరు మూశాయి.

"సూడు టీచరమ్మా, అవి గూడా ప్రార్థన చేస్తాండాయి" అని పక్కింటి విశ్వాసమ్మ మురిసిపోయింది. ఆమేన్ అని తాళం వేశాను.

తెల్లారి చూస్తే వేసిన తాళం వేసినట్టే ఉంది, జాలీకి కన్నం లేదు, రెండు పిల్లలు మాత్రం లేవు. తలుపు బార్లా తెరిచి మిగిలినవాటిని వాకిట్లోకి తోలి బండలెత్తితే, పచ్చి ఆరని పాము కుబుసం దొరికింది. పాము లేదు.

ఇప్పుడు పిల్లలన్నీ మన వంటింటి వైపే చూస్తూ నిలబడ్డాయి. ఒక్కటీ అరవడం లేదు.

అల్లుడి దగ్గు తగ్గిందా? నీళ్లు కాచి తాగండి. పాములు పట్టే హుసేను రేపు వస్తానన్నాడు. అందాకా విశ్వాసమ్మ ఇంట్లో ఉంటాను. అది దొరికిందని రాసేదాకా మహిమను సెలవులకు పంపకు. పామని తెలిస్తే చూడాలని ముందే బస్సెక్కుతుంది, అవ్వకు జ్వరమని చెప్పు. మీ గడపను దేవుడు కాయుగాక, ఈ గడప సంగతి హుసేను చూస్తాడు.

మీ అమ్మ