తాతలందరూ పాలు పోసినవాళ్లే

కె.జి.ఎఫ్. (కోలారు బంగారు గనులు), కర్ణాటక
18 నవంబరు 2024, సోమవారం

బ్లాకు విద్యాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నాలుగో తరగతి పిల్లలకు ‘మన ఊరి చరిత్ర’ పాఠం చెప్పుటలో కలిగిన అనుమానములు తీర్చుట గురించి.

తమకు మనవి చేయునది ఏమనగా, నేను ఉపాధ్యాయ శిక్షణ రెండో సంవత్సరం విద్యార్థినిని. మూతపడిన గని కార్మికుల లైన్ల (ఇళ్ల వరుసల) మధ్యనున్న తెలుగు ప్రాథమిక పాఠశాలలో బోధనాభ్యాసం చేస్తున్నాను. ఈ లైన్లలో ఏ ఒక్కరి తాతా గనిలోకి దిగలేదని ఈ ఉదయం తరగతిలో తెలిసి ఆశ్చర్యపోయాను.

1. శనివారం నేను ఇచ్చిన ఇంటిపని ఇది: మీ తాత ఏ ఊరి నుంచి వచ్చాడు, గనిలో ఏం పని చేశాడు, మీ ఇంట్లో మొదట ఎవరుండేవారు, అవ్వనడిగి రండి. ఈ రోజు చంద్రు అనే పిల్లవాడు లేచి, "మా తాత పాలు పోస్తా ఉండె మిస్" అన్నాడు. పక్కవాడి తాతా పాలే. ఆ వరుసంతా పాలే. "అందరూ పోస్తే కొన్నదెవరురా?" అని అడిగితే, "బెంగళూరోళ్లు మిస్" అని కూర్చున్నాడు.

2. చివరన గంగ లేచింది. ఆమె తాత గనిలో బండ పగిలి చనిపోయిన సంగతి లైనందరికీ తెలుసు. ఆమె కూడా పాలే అన్నది. కూర్చోబోయి ఆగి, "అయితే ఇంట్లో పటానికి దండేసినాము గదా, గనిలో చచ్చిపోయిన తాత, ఆయన ఎవురు మిస్?" అని అడిగింది. ఈ ప్రశ్నను తమకే సవినయముగా సమర్పించుకుంటున్నాను.

3. విరామంలో గంగ అవ్వ గురువమ్మ గారిని కొళాయి దగ్గర విచారించగా, ఆమె చెప్పినది యథాతథముగా: "మొన్న గురువారం ఒకాయన కొలిచే టేపు పట్టుకోని వచ్చి, ఈ ఇంట్లో మొదుట ఎవురుండిరి, ఇప్పుడు ఎవురుండారు అని అడిగిపోయినాడు. గనిలో పని చేసినోళ్లకని ఇచ్చిన ఇల్లు ఇది, పట్టా ఇంగా మా చేతికి రాలేదు, ఆ మనిషి లేడంటే ఖాళీ చెయ్యమంటారు. రెండు దినాలకే నువ్వు పిలకాయల నోట్లో అదే మాట పెట్టి పంపిస్తివి. నిన్ను పంపించింది ఎవురమ్మా?"

"పాఠం అవ్వా, చరిత్ర పాఠం" అన్నాను.

"చరిత్ర అయితే రాజుల్ని అడుగు. మా ఇంటి జోలి నీకేల?" అని వెనక బిందెతో నిలబడ్డ మరో అవ్వ నరసమ్మ గారు అన్నారు.

అవ్వలంతా ఆదివారం ఈ కొళాయి దగ్గరే కూడి, పిల్లలకు పాలు అనే జవాబు ఖాయం చేసినట్లు తెలియవచ్చినది.

4. వారిది వట్టి అనుమానమే అనుకున్నాను. అయితే మధ్యాహ్నం ప్రధానోపాధ్యాయులు శ్రీనివాసమూర్తి గారు, "పిలకాయలు చెప్పేదంతా ఇంటివారీగా రాసి నా టేబుల్ మీద పెట్టమ్మా" అన్నారు.

"ఎందుకు సార్?"

"పైవాళ్లు అడిగితే చూపించాల గదా."

పైవాళ్లెవరని అడిగితే, గంట కొట్టే వేళయిందని లేచి వెళ్లిపోయారు. గంటకు ఇంకా చాలా సేపుంది. అప్పటి నుంచి ‘ఇంటివారీగా’ అనే మాట నాకు నచ్చడం లేదు. పాఠానికి తాతలు కావాలి. ఇళ్లు ఎవరికి కావాలి?

కావున తమరు స్వయంగా వచ్చి, ఆ కొళాయి దగ్గర, అవ్వల ఎదుట, తెలుగులో, ఈ పాఠానికీ వారి ఇళ్లకూ సంబంధం లేదని చెప్పవలసినదిగా ప్రార్థన. ఒకవేళ సంబంధం ఉంటే అది కూడా నాకు చెప్పండి. ఆ ప్రశ్నలు మానేస్తాను. కానీ తన తాత గనిలో పని చేశాడని గంగ తరగతిలో లేచి చెప్పుకోగలగాలి. అంతకుమించి నాకు కోరిక లేదు.

నా ఈ మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు
పుష్పావతి

తా.క.: విలాసం రాయనందుకు మన్నించాలి. మాదీ గని లైనులో ఇల్లే. ఈ అర్జీ చదివి వినిపిస్తే మా అవ్వ అంతా బాగుందని చెప్పి, "ఇంటి నెంబరు మాత్రం రాయొద్దు పాపా. ఆ ఆఫీసులో ఎవురుంటారో ఏమో" అన్నది. రాయలేదు. కాబట్టి జవాబు పోస్టులో పంపకండి. ప్రధానోపాధ్యాయులు అడిగిన కాగితం కూడా ఇంకా రాయలేదు. రేపు ఉదయం తమ ఆఫీసు తెరిచే వేళకు గేటు దగ్గర నిలబడి ఉంటాను. తమ నోట ఒక్క మాట విన్న తర్వాతే తరగతికి వెళతాను.