అటకెక్కిన చిన్న రసాలు

ఆగిరిపల్లి,
మామిడి తోట నుంచి.

కొండమీద బస నడిపే ఉమ గారికి బసవపున్నారావు నమస్కారాలు.

మీ కొండమీద సిగ్నల్ లేదు గనక ఉత్తరం రాస్తున్నాను. మారేడుమిల్లి అడవిలో నడిస్తే ఒళ్ళు తేలికపడుతుందని మా కోడలు యోగిత మీ దగ్గర గది బుక్ చేసింది. నడిచాను. వాగు దాటాను, జలగ పడితే పీకేసి నడిచాను. నా బాధ వేరు. మా తోటలో కోసిన చిన్న రసాలు గడ్డిలో పేర్చి, బుట్టెడు మోసుకొచ్చి మీ చేతికిచ్చాను. మీ ఊళ్ళో ఒక్కరైనా ఒక్క పండు నోట పెట్టారా? తీసుకెళ్ళి ఊరిపెద్ద ఇంటి అటక మీద పెట్టారు. కార్బైడ్ వేసి పండించాననుకున్నారా? మా తాతల నాటి నుంచి గడ్డిలోనే మగ్గబెడతాం. ఇంత అవమానం నేనెరగను.

ఇట్లు,
మనసు విరిగిన రైతు,
బసవపున్నారావు

తా.క.: పండ్లు తినకపోతే పోయారు, బుట్ట వెనక్కి పంపండి. అది మా ఆవిడది.


పెద్దలు బసవపున్నారావు గారికి ఉమ దండాలు.

మీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డామండీ. మిమ్మల్ని ఎవరూ అనుమానించలేదు. మా కొండరెడ్ల ఊళ్ళో మామిడి పండగ చేసి, అమ్మవారికి పెట్టేదాకా ఆ పండు ఎవరూ తినరు. చెట్టు కింద రాలినా పిల్లలు కూడా ముట్టరు. మీరొచ్చిన రోజే ఈ మాట చెప్పాను. మీరు బుట్టవైపు చూస్తూ తలూపారు. పండగ దగ్గర్లోనే ఉంది, అప్పటిదాకా మీ పండ్లు భద్రం.

ఉంటానండీ,
ఉమ

తా.క.: అటక నిచ్చెన కింద ఎడమకాలి చెప్పు ఒకటి దొరికింది. మీరు ఇంటికి ఎలా వెళ్ళారండీ?


ఉమ గారికి,

మీ ఆచారాన్ని కాదనను. మాకూ ఒకటుంది. చుట్టం పండ్లు తెస్తే, మా వైపు వాటిని కడిగి మొదటి పండు ఆ చుట్టం చేతిలోనే పెడతారు. మీరు తినకపోతే మానె, నాకు పెట్టొచ్చుగా. కొండెక్కి దిగినంతసేపూ ఆ ఆశతోనే నడిచాను. దిగొచ్చాక చోడి అంబలి ఇచ్చారు. వాసన చూస్తే ఊరంతా రసాలే. ఈ వేసవిలో నేను ఒక్క పండు తినలేదండీ. ఇంట్లో అడిగితే యోగిత ముఖం మాడ్చుకుంటుంది. ఇవ్వడానికి తెచ్చినవి దారిలో తినకూడదని ఆగాను, కనీసం మీ ఊళ్ళో దక్కుతుందనుకున్నాను. తోట పెట్టుకున్నవాడికి ఇదేం గతి? మీ బసకి ఒక్క స్టారే ఇమ్మని యోగితకి గట్టిగా చెప్తున్నాను.

ఇక సెలవు, మళ్ళీ రాను,
బసవపున్నారావు

తా.క.: ఆ చెప్పు నాది కాదు. బుట్టతోపాటు పంపండి.


బసవపున్నారావు గారికి ఉమ దండాలు.

నిన్న పండగ అయిందండీ. మీ రసాలు కాస్త ముడతలు పడ్డాయి గానీ తీపి తగ్గలేదు. ఊరిపెద్ద మొదటి పండు మీ పేరు చెప్పి అమ్మవారికి పెట్టారు. తర్వాత అందరం మోచేతుల దాకా కార్చుకుంటూ తిన్నాం.

స్టార్ల మాట ఎత్తారు గనక చెప్పక తప్పడం లేదు. గది బుక్ చేసేటప్పుడు యోగిత గారు దారి గురించి గానీ, వాగు గురించి గానీ అడగలేదు. "పండగ దాకా మీ ఊళ్ళో మామిడిపండు ఎవరూ ముట్టరటగా, నిజమేనా? మా మామయ్య గారికి షుగర్ నాలుగొందలు దాటింది. ఇక్కడ ఎటు తిరిగినా మామిడి చెట్టే ఎదురొస్తోంది" అన్నారు. మీరు బుట్ట పట్టుకొస్తారని పాపం ఆవిడా అనుకోలేదు. ఐదు స్టార్లు ఎప్పుడో ఇచ్చేశారు.

పండగ వాటా ఎవరికీ ఎగ్గొట్టకూడదు. మా కొండమామిడి పండు ఒకటి మీ బుట్టలో పెట్టి పంపాను. పీచు ఎక్కువ, పులుపూ ఎక్కువే. కొండ దిగి ఫోన్ చేస్తే, అందులో సగం మీకు పెట్టడానికి యోగిత గారు ఒప్పుకున్నారు.

ఆరోగ్యం జాగ్రత్తండీ,
ఉమ

తా.క.: అందుకే బుట్ట యోగిత గారి పేరున పంపాను. చెప్పు మాత్రం మీ పేరునే.