పసిగుడ్డు జాగ

ఏ.ఎస్. రావు నగర్,
ఆదివారం.

ప్రియమైన మీకు,

కేరళ నుంచి పొద్దున్నే సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగాను. మౌలాలిలో మన ఇంటికి రాకుండా అక్క ఇంటికి వచ్చినందుకు మీరు పరేషాన్ అవుతుంటారని తెలుసు. కోపంతో రాలేదనుకోకండి. కోపం అసలు లేదనీ అనుకోకండి. ఫోన్‌లో అయితే మీరు "ఊఁ" అంటారు, నేను కూరల సంగతిలోకి వెళ్ళిపోతాను. ఇన్నేళ్ళూ అదే జరిగింది. అందుకే రాసి అక్క చేతికి ఇస్తున్నాను.

మా కాలనీ ఆడవాళ్ళ టూరులో ఒక రోజంతా యూదుల చోట్లు చూపించారు. పొద్దున చేందమంగళం అనే ఊళ్ళో వాళ్ళ ప్రార్థనామందిరం. లోపలికి వెళ్ళకముందే బయట ఒక రాయి దగ్గర ఆగిపోయాను. ఏడు వందల ఏళ్ళు దాటిన సమాధి రాయట. సారా అనే ఆడమనిషిది. ఆమె ఎలా బతికిందో ఎవరికీ తెలియదు, పేరు మాత్రం ఉంది. మధ్యాహ్నం మట్టాంచేరిలో ఇంకో మందిరం. చెప్పులు విడిచి లోపలికి వెళ్తే కింద నీలిరంగు బొమ్మల పలకలు, పైన గాజు దీపాలు. మాతో వచ్చిన శారదమ్మ గారు దేవుడి పటం కోసం నాలుగు మూలలూ వెతికి, దండం ఎటు పెట్టాలో తేలక చివరికి దీపాలకే పెట్టారు.

అక్కడే ముంబై నుంచి వచ్చిన హదస్సా అనే ఆవిడ పరిచయమైంది. మన హైదరాబాదీ హిందీ విని నవ్వింది. వాళ్ళ అమ్మమ్మ సమాధి చూడబోతూ నన్నూ రమ్మంది. మనవాళ్ళంతా మసాలా దుకాణాల్లో ఉన్నారు, నేను ఆమెతో వెళ్ళాను. శ్మశానంలో అడుగుపెట్టడం నాకదే మొదటిసారి.

నేను చేసిన పని వింటే మీరు తల పట్టుకుంటారు. సమాధి మీద గులకరాళ్ళు ఉంటే ఎవరో పిల్లలు విసిరారనుకుని, కొంగుతో అన్నీ కిందికి తుడిచేసి, నా జడలోని మల్లెపూలు పెట్టి దండం పెట్టాను. హదస్సా వంగి ఒక రాయి ఏరి చూపించింది. అవి చూడవచ్చినవాళ్ళు గుర్తుగా పెట్టి వెళ్ళే రాళ్ళట. వాళ్ళు పూలు పెట్టరట. ఇద్దరం కింద కూర్చుని ఒక్కొక్కటీ ఏరి మళ్ళీ పెట్టాం. పూలు తీయబోతే ఉండనివ్వమంది. సిగ్గుతో చచ్చిపోయాను.

పక్కనే జానెడు సమాధి ఒకటి ఉంది. పసిపాపదట. పేరు పెట్టకముందే పోయిందట. మరి రాయి మీద రాసిందేంటని అడిగాను.

"పేరే. మట్టి వేసేటప్పుడు పెడతాం. పేరు లేకుండా పంపించం," అంది.

అంతే, ఏడుపు ఆగలేదు. మీతో అననిదంతా ఆ పరాయి మనిషితో చెప్పేశాను. మనం బొల్లారంలో కిరాయికి ఉన్నప్పుడు పుట్టిన పాప, ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసి పేరు పెట్టకముందే పోయింది. మీరూ మామయ్యా గుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. బాలింతనని నన్ను గడప దాటనివ్వలేదు. ఎక్కడ పెట్టారని అడిగితే అత్తమ్మ, "పసిగుడ్డు జాగ తల్లి అడగొద్దు బిడ్డా, మల్ల కడుపు పండదు," అంది. అడగలేదు. కడుపూ పండలేదు. అత్తమ్మ పోయింది, నాకు యాభై దగ్గరపడ్డాయి. ఇంకా ఎందుకు అడగకూడదు?

బయటికి వచ్చేటప్పుడు హదస్సా చేతులు కడుక్కోమంది. మనలాగే వాళ్ళకూ ఆ పద్ధతి ఉంది. ఆ రోజు మీరిద్దరూ తిరిగొచ్చి వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే నేను కిటికీలోంచి చూశాను.

నన్ను అక్కడికి తీసుకెళ్ళండి. అక్కడే దానికి పేరు పెడదాం. అందాకా ఇంటికి రాను.

మీ
ఊర్మిళ


మౌలాలి,
సోమవారం.

ఊర్మిళా,

వదిన నిన్న మధ్యాహ్నం నీ ఉత్తరం ఇచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

నిన్న సాయంత్రమే బొల్లారం వెళ్ళాను. దాచకుండా చెప్తున్నాను, చోటు దొరకలేదు. అప్పుడు ఒక వేపచెట్టును ఆనవాలు పెట్టుకున్నాను. ఇప్పుడు ఆ చెట్టు లేదు, రోడ్డు వెడల్పు చేసి శ్మశానం గోడ లోపలికి జరిపారు. గోడకు ఇవతలో అవతలో కూడా చెప్పలేను. అయినా తీసుకెళ్తాను, ఇద్దరం ఆ గోడ దగ్గరే నిలబడదాం. అమ్మ మాట నేనూ నమ్మాను. నమ్మకం పోయాక కూడా నీ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం రాలేదు.

ఇక పేరు సంగతి. మా వర్క్‌షాపులో హరికిషన్ కొత్తగా చేరిన రోజుల్లో, పిల్లలెందరని అడిగాడు. అందరికీ చెప్పినట్టు లేరని చెప్పబోయాను, నోరు రాలేదు. ఒక బిడ్డ అన్నాను. పేరేంటన్నాడు. వసుధ అన్నాను. ముందుగా అనుకున్నది కాదు, అలా వచ్చేసింది. ఆ తర్వాత ఆపడం చేతకాలేదు. వాళ్ళ పిల్లలతో పాటే దాన్నీ బడిలో వేశాను. పదో తరగతిలో లెక్కల మార్కులు తగ్గాయని అతని దగ్గర బాధపడ్డాను. డిగ్రీకి హాస్టల్లో ఉంచాను. అతన్ని భోజనానికి ఎందుకు పిలవరని నువ్వు సతాయించినప్పుడల్లా మాట దాటేసింది ఇందుకే.

పోయిన నెల క్యాంటీన్‌లో నా పక్కన కూర్చుని అడిగాడు.

"అన్నా, మా చెల్లె కొడుకు ఉన్నడు, మంచి పోరడు. వసుధను ఇస్తవా?"

ఇంట్లో అడిగి చెప్తానన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను ఊర్మిళా. ఆ పేరు నీకు నచ్చిందా?

నీ
యుగంధర్