సముద్రంలో చేపలు బోలెడట

నిజాంపట్నం,
ఆగస్టు 2004

తెనాలిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే బావకి, నీ మరదలు నవ్వాపుకోలేక రాస్తున్న ఉత్తరం.

బాపట్ల సంబంధం తప్పిపోయిందని నన్ను ఓదారుస్తూ రాశావు. సముద్రంలో చేపలు ఇంకా బోలెడున్నాయని ఇంగ్లీషువాళ్లు అంటారనీ, ఒకటి పోతే మరొకటి దొరుకుతుందని దానికి అర్థమనీ చెప్పావు. అది నాన్నకి చదివి వినిపించాను. పది రోజులు వేటాడి ఖాళీ వలలతో తిరిగొచ్చిన మనిషాయె. "మీ బావని ఓసారి మన బోటెక్కమనమ్మా, ఆ బోలెడు చేపలు ఎక్కడున్నాయో చూపిస్తాడు" అన్నాడు.

ఆ సంబంధం తప్పిపోలేదు బావా, నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇవాళ నాన్నకి చెప్పేశాను. చిరిగిన వల పక్కన పెట్టి చాలాసేపు నవ్వాడు.

ఆదివారం రా, బోటెక్కిస్తాడట. అత్తయ్యని కూడా తీసుకురా. చేపలు చూడ్డానికి అత్తయ్య ఎందుకని అడక్కు. తాంబూలాలు నువ్వొక్కడివే వచ్చి పుచ్చుకోలేవు కదా.