బొగ్గుబాయి కప్పు ఎందుకు కూలింది

బాపుకు, నీ కొడుకు శంకర్ దండాలు.

నీ మోకాళ్ల నొప్పి, అవ్వ దగ్గు ఎట్లున్నాయో అడగకముందే ఒక అన్యాయం చెప్పాలి. బొగ్గుబాయిలో కప్పు కూలి మన ఊరి ఓదెలన్న కాలు విరిగింది. కప్పు కింద కర్రలు బిగించకుండా పనిచేశాడని, తప్పంతా అతనిదేనని బాయిలో మా పని చూసే సర్దారు ప్రమాదాల పుస్తకంలో రాశాడు. ఆ మాటే నిలిస్తే అన్నకు నౌకరీ, కంపెనీ ఇల్లు రెండూ పోతాయి.

నా కోపం నీకు తెలుసు. సర్దారు మీదికి పోయాను.

"నీకెందుకుర గింత పరేషాన్? వాని కర్మ వాడు అనుభవిస్తుండు. మీ బుద్ధుడు గదే చెప్పిండు గద!" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను చదివే బుద్ధుని చిన్న పుస్తకాల్లో అట్లా లేదు బాపు. ఏదీ తనంతట తాను పుట్టదు, ఒక్క కారణంతోనూ పుట్టదు. వాటిలో చెప్పే శూన్యమంటే ఏమీ లేదని కాదు, ఇంకోదాని ఆసరా లేకుండా నిలిచేది ఏదీ లేదని. మరి తలరాత మాత్రం ఒంటరిగా ఎట్లా నిలుస్తుంది?

సర్దారును పట్టించాలని కారణాలు రాస్తూ కూర్చున్నాను. కప్పు ఎందుకు కూలింది? కర్రలు వదులయ్యాయి. ఎందుకు? వాటి నెత్తిన బిగించే చెక్కలు లేవు. సర్దారు తెప్పించలేదు. అక్కడే ఆపుదామనుకున్నాను, ఆగలేదు. పని దిగేటప్పుడు మేమందరం పొయ్యిలోకని తలా ఒక చెక్క ఇంటికి తెచ్చుకుంటాం. ఇక్కడ దాన్ని ఎవరూ దొంగతనం అనరు. ముందురోజు ఓదెలన్న పనిచేసే చోటి నుంచే నేను రెండు తెచ్చాను. ఆ మంట మీదే జొన్నరొట్టె కాల్చుకొని తిన్నాను, బాపు.

దవాఖానకు పోయి అన్నకు చెప్పాను.

"నేనేమన్న తక్వ తెచ్చిన్నార తమ్మీ? మా పొయ్యిల గూడ గదే కట్టె. గని గీ ముచ్చట నలుగుట్ల చెప్తవా?"

"చెప్త" అన్నాను.

చెక్కలు లేకనే బిగించలేదని తేలాలంటే, తెచ్చుకున్నవాళ్లే నోరు విప్పాలి. అందరూ జంకుతున్నారు. ముందు నేనే చెబుతాను. సర్దారు మీద కోపం పోలేదు, కానీ నన్ను వదిలి అతన్ని ఒక్కణ్నే తిట్టలేకపోతున్నాను.

నా నౌకరీకి ఫికర్ చేయకు. తిండి బాగానే ఉంది, ఒళ్లు బాగానే ఉంది. వానలు పట్టాయి, బట్టలే ఆరడం లేదు. వచ్చేటప్పుడు అవ్వను అడిగి కొంచెం మిరంకారం తీసుకురా. పెద్దవాళ్లందరికీ నా దండాలు చెప్పి, నన్ను దీవించు.

వచ్చే ఆదివారం ఈ చెక్కల సంగతి చెప్పడానికి మేనేజరు ఆఫీసు ముందు కూడుతున్నాం. ఓదెలన్న బాపును, తమ్ముణ్ని వెంట తోలుకొని శనివారమే బయలుదేరు. పొద్దున సరిగ్గా ఎనిమిది గంటలకు అక్కడ ఉండాలి.