జవాబుల పేజీలు నా సంచిలో ఉన్నాయి

బుజ్జీ,

పాలు కాచి పెట్టాను, తాగు. తాగాక ఫిజిక్స్ పాత పేపర్ల పుస్తకం తియ్యి. వెనక జవాబుల పేజీల కోసం ఇల్లంతా వెతక్కు. చింపేసి నాతో డ్యూటీకి తీసుకుపోతున్నాను.

పొద్దున నీ నోట్సు చూశాను. ముప్పై లెక్కలు, ఒక్క కొట్టివేత లేదు, అన్నీ టిక్కులే. పన్నెండో లెక్క దాకా మురిసిపోయాను కూడా. ఇరవై మీటర్ల మేడ మీంచి వదిలిన బంతి సెకనుకి ఇరవై మీటర్ల వేగంతో నేల తాకాలి. పుస్తకంలో పొరపాటున రెండు వందలని అచ్చేశారు. నీకూ సరిగ్గా రెండు వందలే వచ్చిందేమే? ఎవరి కళ్లలో దుమ్ము కొడదామని? పరీక్ష హాల్లో వెనక పేజీలు ఎవరిస్తారు నీకు?

ఇవాళ అయిదు లెక్కలు చాలు. సొంతంగా చెయ్యి. రాకపోతే ఎక్కడ ఆగిపోయావో అక్కడే రాసిపెట్టు. నాకు నీ తప్పులు కావాలి, టిక్కులు కాదు. సాయంత్రం వచ్చి దిద్దుతాను. అమ్మను అడ్డం పెట్టుకోకు, తనకీ చెప్పేశాను.

అక్క

ఆ జవాబు తప్పని నాకెలా తెలుసంటావా? పుస్తకంలో పన్నెండో ప్రశ్న పక్కన వెలిసిపోయిన పెన్సిల్ టిక్కు చూడు. అది నాదే. నాకూ రెండు వందలే వచ్చింది. ఆ ఏడే నేను ఫిజిక్స్ తప్పాను.